నేను చూపించని చోటు

ఆ సోమవారం పైలట్లు సమ్మెకి దిగకపోయి ఉంటే, మేం గ్రీసులో ఏదో దీవి మీద ఇసకలో బోర్లా పడుకుని, వీపులు కాల్చుకుని, పదిరోజులకి ఇంటికొచ్చి ఉండేవాళ్ళం. ఇంగ్‌విల్ ఇప్పటికీ లెవాంగెర్‌లో నా ఇంట్లోనే ఉండేదేమో. ఏమోలే, మనిషన్నాక తప్పు నెట్టెయ్యడానికి ఎవరో ఒకరు కావాలి, నాకు పైలట్లు దొరికారు.

ఎయిర్‌పోర్టులో ఐదు గంటలు కూర్చున్నాక, ఇక ఆ వారంలో విమానాలేవీ లేవని మైకులో చెప్పారు. నేను సూట్‌కేసు పట్టుకుని లేచాను.

"ఇంటికెళ్దామా?" అన్నాను.

"పదిరోజులు సెలవు పెట్టింది ఇంట్లో కూర్చుని నీ మొహం చూడ్డానికా?" అంది ఇంగ్‌విల్. "నీ డిక్కీలో గుడారం ఉందిగా. మే నెలలో ఆరబెట్టావు, అటక ఎక్కించడానికి బద్ధకించావు. నీ బద్ధకం ఇన్నేళ్ళకి ఒక్కసారి పనికొచ్చింది."

అలా బయల్దేరాం. సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతూ ఉండడం, ఎక్కడ బాగుంటే అక్కడ గుడారం వేసుకోవడం, అంతే మా పథకం. మా సూట్‌కేసుల్లో ఉన్నవి ఈతబట్టలు, గడ్డిటోపీ, చెప్పులు, ఎండకి ఒళ్ళు కాలకుండా రాసుకునే పూత రెండు పెద్ద గొట్టాలు. స్టెయిన్‌షేర్ దాటకముందే వాన మొదలైంది. దార్లో ఒక దుకాణం దగ్గర ఆగి ఊలు మేజోళ్ళు, చిన్న గ్యాసుపొయ్యి, కాఫీ, జున్ను కొన్నాం. గడ్డిటోపీ తీసెయ్యమంటే ఆవిడ తియ్యలేదు. టిక్కెట్టు కొన్నాను కాబట్టి నేను గ్రీసులో ఉన్నట్టే అని, వాన కురుస్తుంటే కారులో టోపీతోనే కూర్చుంది. నవ్వుకుంటూ పోయాం. పదకొండేళ్ళు కలిసి ఉన్నాం, అంత నవ్విన రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు.

ఆ నవ్వు వెనకాల ఒక సంగతి ఉంది, అదీ చెప్పాలి. ఇంగ్‌విల్ బడిలో పంతులమ్మ. జూలై చివర్లో ఆల్టా నుంచి ఉత్తరం వచ్చింది, అక్కడి బడికి హెడ్మిస్ట్రెస్‌గా రమ్మని. ఆల్టా అంటే మా దగ్గర్నుంచి కారులో రెండు రోజుల దారి. మా ప్రయాణం వారంలోనే, శుక్రవారం మధ్యాహ్నంలోగా ఏ సంగతో చెప్పాలి. ఉత్తరం బల్లమీద పెట్టి, "నువ్వేమంటావు?" అని అడిగింది.

"అది నీ ఇష్టం కదా," అన్నాను.

మావైపు మగవాడు అనగలిగిన మాటల్లో ఇంతకన్నా మర్యాద మాట లేదని నేను నిజంగా నమ్మాను. ఒకరి బతుకులో వేలు పెట్టకూడదు, ఎవరి నిర్ణయం వాళ్ళది. మా నాన్న అలాగే ఉండేవాడు, తాత అలాగే ఉండేవాడు. వెళ్ళొద్దు అనే మాట నా గొంతు దాకా వచ్చి, అడగటం తప్పేమో అనిపించి వెనక్కి పోయింది. ఆవిడ ఇంకాసేపు నా మొహం చూసి, ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం, కార్లని నీళ్ళు దాటించే ఫెర్రీ కోసం వరసలో ఆగాం. ముందు కారులోంచి ఒక పెద్దాయన దిగి, వొళ్ళు విరుచుకుంటూ మా కిటికీ దగ్గరికొచ్చాడు. వానా, చేపలూ, ఫెర్రీ ఆలస్యం కబుర్లన్నీ అయ్యాక, చెవిలో రహస్యం చెప్తున్నట్టు వంగాడు.

"ఏం తమ్ముడూ, ఈవైపు ముల్టెలు పండాయంటావా?"

ముల్టె అంటే బురదనేలలో కాసే పండు. జానెడు మొక్క, మొక్కకి ఒక్కటే పండు, పండితే తేనెరంగు. మాకు ఆగస్టు వచ్చిందంటే అదే ధ్యాస. మీగడ గిలక్కొట్టి అందులో కలుపుకుని తింటే ఇంకేమీ అక్కర్లేదు. ఎవరి వంశానికి వాళ్ళకి ఒక చోటు ఉంటుంది, ఆ చోటు ఎవరికీ చెప్పరు. చచ్చేవాడు కూడా కొడుకుని దగ్గరికి పిలిచి, గదిలోంచి అందర్నీ పంపేసి మరీ చెప్తాడు.

"ఎక్కడ పెద్దాయనా," అన్నాను, ఎంతో బాధపడుతూ. "జూన్‌లో మంచు పడి పువ్వంతా మాడిపోయింది. ఈ ఏడు ఒక్క పండు కూడా లేదు."

"అయ్యో, మావైపూ అంతే," అన్నాడాయన, నాకంటే బాధపడుతూ. ఆయన కారు వెనక సీట్లో మూడు ఖాళీ బకెట్లున్నాయి.

ఆయన వెళ్ళాక ఇంగ్‌విల్ కడుపు పట్టుకుని నవ్వింది. తను ఓస్లో పిల్ల. ఓస్లో వాళ్ళకి ముల్టె అంటే దుకాణంలో సీసా. "మీరిద్దరూ ఎంత చక్కగా అబద్ధాలాడుకున్నారయ్యా," అంది. "కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ."

"అబద్ధం కాదు, ఆచారం."

"మరి నాకు?" అంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "పదకొండు ఆగస్టులు, శనివారం పొద్దున్నే బకెట్టుతో మాయమవుతావు. ఆదివారం రాత్రికి బురదకాళ్ళతో వస్తావు. ఏ దిక్కో కూడా తెలీదు నాకు. నేనూ ఆ పెద్దాయన లెక్కేనా?"

"తీసుకెళ్తాలే."

"ఎప్పుడు?"

"ఒక మంచి ఏడు చూసి."

ఫెర్రీ తలుపు దిగింది, బళ్ళు కదిలాయి. పై అంతస్తు కౌంటరు దగ్గర వాఫెల్స్, కాఫీ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాం. తన వాఫెల్‌లో సగం నాకు పెట్టింది, ఎప్పుడూ పెట్టేటట్టే.

ఆ చోటు సంగతి చెప్తాను, ఎక్కడో తప్ప. మా నాన్న దాన్ని ఇద్దరికి చూపించాడు, నాకూ, తన చెల్లెలు ఆస్‌లౌగ్‌కీ. మా మేనత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఊళ్ళో ఎవరి గుట్టైనా గంటలో గడప దాటిస్తుంది. ఆ ఒక్క సంగతి మాత్రం నలభై ఏళ్ళుగా కడుపులోనే పెట్టుకుంది. చూపించిన రోజు నాన్న ఒకటే మాట అన్నాడు, "మనవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకు." ఇంగ్‌విల్ మనవాళ్ళే కదా అని నాకు ఏటా అనిపించేది. ఏటా ఏదో అడ్డొచ్చేది. మాకు పెళ్ళి కాలేదు, మావైపు అది వింతేం కాదు గానీ, నాకది ఒక సాకు. ఉన్నమాట చెప్పాలంటే భయం. చూపిస్తే ఇక నాదంటూ దాచుకున్నది ఏదీ మిగలదని భయం. ఇలాంటి పిరికితనాన్ని నేను ఆచారం అని పిలిచేవాణ్ణి.

మూడు ఫెర్రీలు దాటాం. సాయంత్రానికి ఒక వంపు తిరిగి, కంకరరోడ్డు మీదకి దిగి, చిన్న అఖాతం ఒడ్డున కారు ఆపాను. కూలిపోయిన పడవల కొట్టం, కుళ్ళిన సముద్రపు నాచు కంపు, ముళ్ళకంప. ఇంగ్‌విల్ దిగి నాలుగువైపులా చూసింది.

"ఎక్కడ బాగుంటే అక్కడ అన్నావు. ఇక్కడ ఏం బాగుంది?"

"గాలి తగలదు."

ఆవిడ టోపీ ఎగిరిపోయి ముళ్ళకంపలో పడింది. వెళ్ళి తెచ్చుకుంది. నేను నిజంగా కావాలని అక్కడికి తీసుకురాలేదు. చేతులు వాటికి తెలిసిన దారిన పోయాయి, అంతే. బోర్డు చూడకుండా ఆ వంపులో గేరు మార్చానని అప్పుడు నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. కొండవాలు మీద బర్చ్ చెట్లు దాటి అరగంట నడిస్తే మా బురదనేల. ఆవిడకి దారి తెలీదు గానీ, ఆ చోటు ఇక్కడెక్కడో ఉందని తెలిసిపోయింది.

బుధవారం వాన. గురువారం వాన. గుడారంలో మోకాళ్ళు మోకాళ్ళు తగులుతూ కూర్చుని పేకాడుకున్నాం, జున్ను ముక్కలు తిన్నాం. ఎండ పూత గొట్టం తెరిచి ఆవిడ నా ముక్కుకి రాసింది, వేస్టవుతుందని. వాన గుడ్డమీద టపటపా కొడుతుంటే, పేకముక్కలు సర్దుతూ, తల ఎత్తకుండా అంది:

"తూర్‌ఫిన్, ఆల్టా వాళ్ళకి రేపటిదాకే గడువు."

"తెలుసు."

"నాకు ఆ ఉద్యోగమంటే పిచ్చేం లేదు. చేస్తే చేస్తాను, బాగా చేస్తాను కూడా. ఇక్కడ ఉండాలంటే మాత్రం, ఇక్కడ నాదంటూ ఏదో ఉండాలి కదా. నీ ఇల్లు మీ నాన్నది. నీ స్నేహితులు నీతో చిన్నప్పుడు బళ్ళో చదివినవాళ్ళు. పదకొండేళ్ళ తర్వాత కూడా చుట్టపుచూపుగా ఉన్నట్టుంది నాకు."

ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు? మొద్దు మొహం వేసుకుని, "వాన తగ్గితే బాగుణ్ణు," అన్నాను. ఆవిడ పేకముక్కలు పంచింది. ఆ ఆట నేనే గెలిచాను, సిగ్గులేకుండా.

శుక్రవారం తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. సముద్రం నిద్రపోతోంది. నేను రాళ్ళమీద పొయ్యి వెలిగించి కాఫీ పెట్టాను. కొండవైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. నాలుగు రోజుల వాన తర్వాత ఎండ కాస్తే ముల్టెలు ఒక్కపూటలో పండిపోతాయి. ఇవాళ కోయకపోతే రేపు పక్షులు తింటాయి.

ఇంగ్‌విల్ గుడారంలోంచి బయటికొచ్చింది. బూట్లు వేసుకుంది. చెప్పులు కాదు, డిక్కీలో పడున్న నా పాత రబ్బరు బూట్లు, వదులు కాకుండా రెండు జతల మేజోళ్ళు తొడిగి.

"ఇవాళ ఏం చేద్దాం?" అంది.

ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది. ఎంత మామూలుగా అడిగింది. నేను "పద" అంటే చాలు.

"నేను కాస్త చేపలు పట్టుకొస్తాను," అన్నాను.

"నేనూ వస్తా."

"రాళ్ళు జారతాయి. నువ్వు కాఫీ తాగుతూ ఉండు, గంటలో వచ్చేస్తా."

ఎప్పుడూ డిక్కీలోనే ఉండే గాలపు కర్ర ఒక చేత్తో, బకెట్టు ఒక చేత్తో పట్టుకుని రాళ్ళవైపు నడిచాను. కొట్టం మలుపు తిరిగాక కర్రని గోడకి ఆనించి, కొండ ఎక్కేశాను. పరిగెత్తాను కూడా. ఎందుకంత తొందర? నా ఆలోచన ఇది, సిగ్గుపడుతూ చెప్తున్నాను: గబగబా ఒక బకెట్టు కోసుకొచ్చి ఆవిడ ముందు పెడితే, ఎంత సంతోషిస్తుందో, ఆ సంతోషంలో ఉండిపోతుందేమో. ఆవిడ అడిగింది పళ్ళు అనుకున్నాను. పదకొండేళ్ళు ఒక మనిషి పక్కన పడుకుని ఇంత మాత్రమే తెలుసుకున్నాను.

నా జన్మలో అన్ని పళ్ళు చూడలేదు. నాచు మీద నేలంతా తేనెరంగు. ఒంటరిగా నిలబడి, అబ్బ, ఇది ఇంగ్‌విల్ చూస్తే, అని పైకే అనుకున్నాను. అయినా దిగి వెళ్ళి పిలుచుకురాలేదు. అరగంట దిగాలి, అరగంట ఎక్కాలి, ఆ తర్వాత చేపలని ఎందుకు చెప్పావంటే ఏం చెప్పాలి? ఒక అబద్ధం ఆడాక దాని వెనకాలే పోవడం సులువు.

తిరిగొచ్చేసరికి రెండు గంటలు పట్టింది. బకెట్టు మీద చొక్కా కప్పి, కొట్టం దగ్గర కర్ర తీసుకుని, చేపలు పడనివాడి మొహం పెట్టుకుని వచ్చాను. ఇంగ్‌విల్ పొయ్యి పక్కన కూర్చునుంది. బల్లగా వాడుతున్న పెట్టె మీద నా గేలాల డబ్బా ఉంది.

"ఇది మర్చిపోయావు," అంది. "గేలాల్లేకుండా ఏం పడతాడులే అని, ఇద్దామని రాళ్ళదాకా వచ్చాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను మోకాళ్ళ మీది నాచు దులుపుకున్నాను. ఆవిడ బకెట్టు వైపు చూడలేదు. అరవలేదు, ఏడవలేదు, ఎందుకు దాచావని అడగలేదు. అడిగుంటే బతికిపోయేవాణ్ణి. గడియారం చూసుకుని లేచింది.

"పైన ఆ రాతి మీద సిగ్నల్ వస్తుందనుకుంటా. ఫోన్ చేసొస్తాను."

రాతి మీద నాకు వీపు పెట్టి నిలబడింది. మాటలు వినపడలేదు. తల రెండుమూడుసార్లు ఊపింది. ఒకసారి నవ్వింది కూడా, పరాయివాళ్ళతో మర్యాదగా నవ్వే నవ్వు. నేను కిందే నిలబడ్డాను. పరిగెత్తి వెళ్ళి ఆ ఫోన్ లాక్కోవచ్చు. ఒరేయ్ తూర్‌ఫిన్, వెళ్ళు, అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. నేను పొయ్యి తుడిచాను.

దిగొచ్చి, "చెప్పేశాను," అంది.

"ఏమని?"

"వస్తానని. అక్టోబరు నుంచి."

"మంచిది," అన్నాను. "మంచి ఉద్యోగం."

"అవును."

ఇద్దరం కూర్చుని పళ్ళు బాగుచేశాం. ఒక్కొక్కటీ తీసి, ఆకులూ నాచూ ఏరి, గిన్నెలో వేసింది, జాగ్రత్తగా, చితక్కుండా. మీగడ లేదు, పంచదార చల్లుకుని తిన్నాం. "ఈ ఏడు తియ్యగా ఉన్నాయి," అంది. ఎక్కడివని అడగలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. మర్నాడే ఇంటిదారి పట్టాం. ఫెర్రీలో వాఫెల్ ఎవరిది వాళ్ళం తిన్నాం.

సెప్టెంబరు చివర్లో ఆవిడ సామాను వ్యానులో ఎక్కించింది నేనే. సామాను కట్టడంలో నేను దిట్ట, ఒక్క పింగాణీ ముక్క పగల్లేదు. గుమ్మంలో చాలాసేపు కావిలించుకుని నిలబడింది. "నీమీద కోపం లేదు తూర్‌ఫిన్," అంది. కోపం ఉంటే బాగుండేది.

మరుసటి ఆగస్టులో మా అత్త ఆస్‌లౌగ్‌ని తీసుకుని ఆ చోటికి వెళ్ళాను. డెబ్బై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు పనిచెయ్యవు. అయినా ముల్టెలంటే మేకపిల్లలా ఎక్కేస్తుంది. సగం బకెట్టు నిండాక ఒక మొద్దు మీద కూలబడి, గసపోసుకుంటూ అడిగింది.

"ఆ పిల్లకి చివరికైనా చూపించావట్రా?"

"లేదత్తా."

అత్త నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "నీ నడుం పట్టేసి నువ్వు మంచం దిగని ఏడు గుర్తుందా? ఇద్దరం పోదాం రావే, వాడికి చెప్పొద్దులే అన్నాను దాంతో. కారు తాళాలు కూడా చేతిలో పెట్టాను. రానంది."

"ఎందుకని?"

"తూర్‌ఫిన్ తీసుకెళ్తే వస్తానత్తా, అంది. ఎన్నేళ్ళయినా సరే, అతనే పిలవాలి, అంది. నేనింకా నవ్వాను, వాడి సంగతి తెలిసే అంటున్నావటే అని." అత్త తలగుడ్డతో మొహం తుడుచుకుంది. "నీకా మాట ముందే చెప్పాల్సింది. జీవితంలో ఒక్కసారి నోరు మూసుకున్నాను, అదీ తప్పయింది."

ఆ వారం అంతా ఆలోచించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, నాకు తెలుసు. అయినా ఆదివారం సాయంత్రం, అన్నం బల్ల దగ్గర కూర్చుని, ఫోన్ చేశాను. ఇంగ్‌విల్ గొంతు హాయిగా ఉంది. బడి గురించి చెప్పింది, పిల్లల గురించి చెప్పింది. నేను వినలేదు, చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటున్నాను.

"ఇంగ్‌విల్, వచ్చే ఆగస్టులో రా," అన్నాను. "నిన్ను తీసుకెళ్తాను. ఇద్దరం వెళ్దాం. ఉండిపొమ్మని ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను."

నా నోటినుంచి అన్ని మాటలు ఒక్కసారి వచ్చింది అప్పుడే. 

"తూర్‌ఫిన్," అంది, మెల్లగా, "ఇక్కడ ఒకతనున్నాడు. నీకు నేనే ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. జూన్‌లో కలిశాం."

"ఓహో," అన్నాను. "మంచిది."

"మంచివాడు. వాళ్ళమ్మ కూడా మంచిది. పోయిన శనివారం ముగ్గురం ముల్టెలకి వెళ్ళాం. రెండు బకెట్లు కోశాం."

వాళ్ళు కలిసి రెండు నెలలు. నేను లెక్కవేసుకుంటూ, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఎక్కడ?" అన్నాను.

ఇంగ్‌విల్ నవ్వింది. ఎత్తిపొడుపు కాదు, చాలా దయగానే నవ్వింది.

"అది చెప్పకూడదు కదా," అంది.